ప్రభుత్వ భవనాల్లో గాలి: బాధ్యత ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది

2019 జనవరిలో కేంద్రం జాతీయ శుద్ధ వాయు కార్యక్రమాన్ని ప్రకటించినప్పుడు, గాలి నాణ్యత ప్రమాణాలను అందుకోలేకపోయిన నగరాల జాబితాలో నెల్లూరు ఉంది. జాబితాను పెంచినప్పుడు ఒంగోలు కూడా అందులో చేరింది. రోడ్ల దుమ్ము, వాహనాల పొగ, చెత్త తగలబెట్టడం వంటి వాటిని తగ్గించేందుకు ఈ నగరాలకు ప్రణాళికలు, లక్ష్యాలు ఏర్పడ్డాయి. అయితే ఆ లక్ష్యాలన్నీ ఆరుబయటి గాలికి పెట్టినవే. అర్జీ పట్టుకొని కలెక్టరేట్‌కు వచ్చిన రైతు, పెద్దాసుపత్రి ఓపీ వరుసలో నిలబడిన రోగి, తరగతి గదిలో రోజంతా కూర్చునే పిల్లవాడు పీల్చే గాలిని కొలవవలసిన అధికారి ఎవరన్న ప్రశ్నకు అక్కడ జవాబు దొరకదు. భవనాల లోపలి గాలికి మార్గదర్శకాలు రూపొందించాలన్న మాట ఆ కార్యక్రమ పత్రంలో ఉన్నా, నగరాల లెక్క మాత్రం బయటి ధూళి కణాలతోనే తేలుతుంది.

విచిత్రమేమిటంటే, బయటి గాలికి ప్రత్యేక చట్టం రాకముందే మన చట్టం లోపలి గాలిని పట్టించుకుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 13వ సెక్షన్‌లో గాలి ప్రసారాన్ని, 14వ సెక్షన్‌లో దుమ్మును, పొగను ప్రస్తావించింది. కొత్తగా కట్టే ఫ్యాక్టరీలో ఒక్కో కార్మికుడికి కనీసం 14.2 ఘనపు మీటర్ల చోటుండాలని 16వ సెక్షన్‌లో నిర్దేశించి, వీటన్నిటికీ ఫ్యాక్టరీని నడిపేవారినే బాధ్యులను చేసింది. గూడూరు ప్రాంతపు అభ్రకం షెడ్లలోనూ, మార్కాపురం పలకల కార్ఖానాల్లోనూ పనిచేసినవారికి దుమ్మంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. అక్కడ ఆ చట్టం ఏ మేరకు అమలైందన్నది వేరే చర్చ. ఇక్కడ గమనించవలసింది, ఫ్యాక్టరీని తనిఖీ చేసే అధికారి కూర్చునే కార్యాలయానికి ఆ సెక్షన్లేవీ వర్తించలేదన్న సంగతి.

1972 స్టాక్‌హోం సదస్సు నిర్ణయాల అమలుకని 1981లో వాయు కాలుష్య నివారణ చట్టం వచ్చింది. ప్రమాణాలు 1982లో మొదలై, 1994లోనూ 2009లోనూ మారాయి. సూక్ష్మ ధూళి కణాలు ఘనపు మీటరుకు ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు మించరాదన్న ప్రస్తుత పరిమితి 2009 నాటిది. అది కూడా పరిసర వాయువుకే, అంటే ఆరుబయటి గాలికే.

ప్రభుత్వ భవనాల లోపలికి చట్టం గట్టిగా అడుగుపెట్టింది ఒక్క పొగాకు విషయంలోనే. కాంగ్రెస్ నాయకుడు మురళీ దేవరా దాఖలు చేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2001 నవంబరు 2న ఆసుపత్రులు, విద్యాసంస్థలు, గ్రంథాలయాలు, కోర్టులు, ప్రభుత్వ కార్యాలయాల్లో పొగతాగడాన్ని నిషేధించింది. 2003లో చట్టం, 2008 అక్టోబరు 2 నుంచి కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. పొగాకు వేలం కేంద్రాల మీద వేల కుటుంబాలు ఆధారపడిన ప్రకాశం జిల్లాలో కూడా ఆఫీసు గదుల్లో చుట్ట, సిగరెట్ వాసన తగ్గిందంటే దాని వెనుక రూ.200 జరిమానా ఒక్కటే లేదు. ఫిర్యాదు ఎవరికి చేయాలో వారి పేరు బోర్డు మీద రాయాలని, ఉల్లంఘనను పట్టించుకోని భవన బాధ్యుడికి కూడా జరిమానా పడుతుందని ఆ నిబంధనలు చెప్పాయి. నా ఉద్దేశంలో ఈ చరిత్ర మొత్తంలో అసలైన మలుపు ఇదే.

ఆ తరువాత వచ్చినవన్నీ సూచనలే. క్షయ వ్యాప్తిని దృష్టిలో పెట్టుకొని ఆసుపత్రుల్లో గాలి ప్రసారంపై 2010లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. కోవిడ్ రెండో ఉద్ధృతిలో, 2021 మే నెలలో, ప్రధాన శాస్త్రీయ సలహాదారు కార్యాలయం కిటికీలు, తలుపులు తెరవాలని, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వాడాలని కోరింది. మామూలు స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుందే తప్ప బయటి నుంచి కొత్త గాలిని తేదన్న విషయం అప్పుడే చాలామందికి తెలిసింది. జాతీయ భవన నిర్మాణ స్మృతి ప్రకారం ఉక్కపోత ప్రాంతాల్లో గది వైశాల్యంలో ఆరో వంతుకు తగ్గకుండా కిటికీలు ఉండాలి; కానీ కట్టిన తరువాత ఏసీ కోసం వాటిని బిగించేస్తే అడిగేవారు లేరు, మే నెల నెల్లూరు ఎండలో బిగించవద్దని చెప్పడమూ తేలిక కాదు.

2019 నవంబరు 14న ఒంగోలులో ప్రారంభమైన నాడు-నేడు పథకం బడులకు మరుగుదొడ్లు, తాగునీరు, రంగులు, ఫర్నిచరుతో పాటు ఫ్యాన్లు, ట్యూబ్‌లైట్లు ఇచ్చింది. ఫ్యాన్ గాలిని కదిలిస్తుంది, మార్చదు. మార్పుల జాబితాలో గాలి ఒక అంశంగా లేదు.

జపాన్ 1970లోనే పెద్ద భవనాల్లో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాలకు వెయ్యి మించరాదని చట్టం చేసి, కొలతను యజమానికి అప్పగించింది. తైవాన్ 2011లో లోపలి గాలికే ప్రత్యేక చట్టం తెచ్చింది. మన దగ్గర ఆసుపత్రి భవనాన్ని ఒక సంస్థ కడితే మరో శాఖ నడుపుతుంది, కాలుష్యం కాలుష్య నియంత్రణ మండలి పరిధిలోకి వెళుతుంది. గది గాలి వీరెవరి దస్త్రంలోనూ విడిగా కనిపించదు. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగపు ఏడో షెడ్యూలులో రాష్ట్ర జాబితాకు చెందిన అంశాలు కనుక, ఒక పరిమితిని నిర్ణయించి, దానికి బాధ్యుడి పేరును బోర్డు మీద రాయించే నిబంధనకు అమరావతి చొరవ చాలు. ప్రజారోగ్యానికి ఇక్కడే చట్టం చేసుకోవడం కొత్తేమీ కాదు: 1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టం చేసిననాడు నెల్లూరు, ఒంగోలు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే.