జేబులో పట్టే స్కానింగు

అనంతపురం

నా బంగారు మనవడికీ మనవరాలికీ,

జేజి ఆశీస్సులు. మొన్న సెలవుల్లో ఎదురింటి తాతకు డాక్టరు ఇంటికొచ్చి స్కానింగు చేస్తుంటే, "జేజీ, ఫోన్లో తాత కడుపు ఎట్లా కనపడింది?" అని అడిగారు. బస్సుకు టైమైపోయి అప్పుడు చెప్పలేకపోయాను. నిదానంగా చదువుకోండి.

మన చేని బావి గట్టున నిలబడి "ఓ" అని అరిస్తే ఆ అరుపు కింద తగిలి మళ్లీ మీకే వినపడుతుంది కదా. బావి లోతైతే రోంత ఆలస్యంగా వస్తుంది. డాక్టరు చేతిలోని ప్రోబ్, అంటే తాత పొట్టకు ఆనించిన ఆ వైరు లేని చిన్న యంత్రం, చేసేదీ ఇదే. దాని అరుపు మాత్రం మన చెవికందదు. మనం సెకనుకు 20,000 కంపనాల దాకానే వినగలం, దానివి 20 లక్షలకు పైమాటే. ఒంట్లో ఆ ధ్వని సెకనుకు సుమారు 1540 మీటర్లు పోతుంది. ఏ ప్రతిధ్వని ఎంతసేపటికి తిరిగొచ్చిందో లెక్కగట్టి బొమ్మ గీస్తారు. ఎముక తెల్లగా, నీళ్లు నల్లగా కనపడతాయి. మధ్యలో గాలి ఉంటే ధ్వని లోపలికి పోదు. అందుకే పొట్టకు జెల్ రాశారు. ఆ చల్లదనానికే తాత ఉలిక్కిపడ్డాడు.

పొత్తికడుపు దగ్గర పెద్ద నల్లటి మడుగు చూశారే, అది మూత్రం. రాత్రి నుంచి ఆగిపోయింది. పక్షవాతంతో మాట పడిపోయిన మనిషి, నొప్పి ఎక్కడో చెప్పుకోలేడు. డాక్టరు పైపు వేశాక మడుగు చిన్నదైంది, తాత మొహం తేటపడింది. ఆటో ఎక్కించే పనే పడలేదు.

నేను నర్సుగా చేరిన రోజుల్లో స్కానింగు మిషను బీరువాలాగ ఉండేది. అప్పుడు నేను పనిచేసిన చోట కాన్పుల వార్డు ఒక మూల, స్కానింగు గది ఇంకో మూల. ఒక మధ్యాహ్నం, కడుపులోపల రక్తం పోతున్న అమ్మాయిని స్ట్రెచర్ మీద తోసుకుంటూ పరిగెత్తాం. గదికి తాళం. తాళంచెవి వచ్చేలోపు ఆమె చెయ్యి నా చేతిలో చల్లబడుతూ వచ్చింది. ఆమె మాకు దక్కలేదు. ఇప్పుడైతే మంచం పక్కనే నిలబడి, కుడి పక్కటెముకల దగ్గర ప్రోబ్ ఆనించి, కాలేయానికీ మూత్రపిండానికీ మధ్య నల్లటి చార, అంటే లోపల చేరిన రక్తం, ఉందేమో నిమిషాల్లో చూడొచ్చు. ఈ చిన్న యంత్రం మీద నాకింత ప్రేమ అందుకే.

వైరు లేకపోవడమూ చిన్న సంగతి కాదు. పాత మిషన్ల వైర్లు నేల మీద, పరుపుల మీద ఈడ్చుకుంటూ ఒకరి క్రిములు ఇంకొకరికి అంటించేవి. దీన్ని తుడవడం తేలిక. చాలా రకాలు సొంత వైఫైతోనే ఫోనుకు కలుస్తాయి, టవరు అందని ఊళ్లోనూ బొమ్మ పడుతుంది. పెద్ద మిషనంత వివరంగా చూపదు, ఛార్జింగూ తొందరగా అయిపోతుంది. చూసే కన్నుకు తర్ఫీదు లేకపోతే అంతా మబ్బే. అనుమానముంటే పెద్దాసుపత్రికి పంపాల్సిందే.

ఇంకొకటి మీకు తెలియాలి. పుట్టబోయేది ఆడో మగో దీంతో చూసి చెప్పడం నేరం. 1994లోనే చట్టం వచ్చింది. అరచేతిలో పట్టేదైనా రిజిస్టరు చేయించాల్సిందే. "సిస్టరమ్మా, ఒక్క మాట చెప్పు" అని రాత్రిపూట వార్డు గుమ్మంలో బతిమాలినవాళ్లను నేనెందరినో వెనక్కి పంపాను.

చిన్నీ, నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడు మేమెవరమూ ఆ మాట అడగలేదు. నీ గుండె చప్పుడు విని ఇంటికొచ్చేశాం.

మీ జేజి