తడిసిన ఫోను, బూజు పట్టిన లెన్సు, పోయిన ఫొటోలు: అపోహలు - వాస్తవాలు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కెమెరాలు, కంప్యూటర్లు, ఫోన్లు బాగుచేయడం నా వృత్తి. మా బల్ల మీదికి వచ్చే వస్తువుల్లో చాలావాటికి అసలు ప్రమాదం వల్ల జరిగిన నష్టం కొంచెమే ఉంటుంది. మిగతాదంతా ఆ తర్వాత కంగారులో ఎవరో చెప్పిన చిట్కా ప్రయోగించడం వల్ల జరిగింది. ఇంట్లో సొంతంగా చేసుకోవడం నాకు ఇష్టమైన పద్ధతే. షాపు మెట్లు ఎక్కనవసరం లేని పనులు చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని ఇక్కడే చెబుతాను. కాకపోతే వస్తువు లోపల ఏం జరుగుతోందో కాస్త తెలిసి చేయాలి. వానలు పడితే మాకు రద్దీ పెరుగుతుంది కాబట్టి తడితోనే మొదలుపెడతాను.

అపోహ: తడిసిన ఫోన్‌ని బియ్యంలో పెడితే తడంతా పీల్చేస్తుంది

"అన్నా, మూడు దినాలు బియ్యంల పెట్టిన, అయినా ఆన్ అయితలేదు." ఈ మాట వినకుండా మాకు ఏ వానాకాలమూ గడవదు. బియ్యపు గింజలోనే 12 నుంచి 14 శాతం దాకా తేమ ఉంటుంది. ఫోన్ లోపల, బోర్డు మీది రేకుల కింద చిక్కుకున్న నీటి చుక్కని బయట ఉన్న గింజ ఎలా లాగుతుంది? అలాంటి ఫోన్ విప్పితే చార్జింగ్ పోర్టులో ఉబ్బిన నూక ఒకటి ఇరుక్కుని ఉంటుంది. దాని చుట్టూ తెల్లటి పిండి. లోపల బ్యాటరీ కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుము.

ఆ చిలుమే ఫోన్‌ని చంపేది. నీళ్లకి కరెంటు తోడైతే పిన్ను మీది లోహం కరగడం మొదలవుతుంది. ఫోన్ ఆఫ్‌లో ఉంటే ఇది మెల్లగా జరుగుతుంది, ఆన్‌లో ఉంటే చాలా వేగంగా. బోరు నీళ్లయితే లవణాలు ఎక్కువ కాబట్టి ఇంకా వేగం. బియ్యంలో పెట్టిన మూడు రోజులూ లోపల ఈ పని సాగుతూనే ఉంటుంది. ఐఫోన్‌ని బియ్యంలో పెట్టొద్దని, గింజల పొడి లోపలికి పోయి పాడుచేయవచ్చని ఆపిల్ సంస్థ కూడా 2024లో తన వినియోగదారులకి చెప్పింది.

చేయాల్సిందల్లా వెంటనే ఆఫ్ చేయడం. పనిచేస్తోందా లేదా అని మధ్యలో ఆన్ చేసి చూడొద్దు, చార్జింగ్ అసలే పెట్టొద్దు. సిమ్ ట్రే బయటికి తీసి, పోర్టు కిందికి ఉండేలా పట్టుకుని అరచేతి మీద మెల్లగా తట్టండి. తర్వాత ఫ్యాన్ గాలి తగిలేలా నిలబెట్టండి. హెయిర్ డ్రయర్ వాడితే గాలి నీటిని ఇంకా లోపలికి తోస్తుంది, వేడికి స్క్రీన్ జిగురు వదులవుతుంది. నీళ్లలో పూర్తిగా మునిగిన ఫోన్ అయితే ఆరేదాకా ఆగకుండా అదే రోజు రిపేరుకి ఇవ్వండి. మేం విప్పి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డు కడుగుతాం. ఈ సీసా కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది. దానికి బదులు చేతికి రాసుకునే శానిటైజర్ వాడేవాళ్లున్నారు. దయచేసి వద్దు, అందులో నీళ్లూ గ్లిజరినూ ఉంటాయి.

ల్యాప్‌టాప్ మీద చాయ్ ఒలికినా ఇదే సూత్రం. ఇరానీ చాయ్‌లో పాలు, చక్కెర ఉంటాయి కాబట్టి ఎండాక జిగటగా అంటుకుని తేమను పట్టి ఉంచుతుంది. ఫైలు సేవ్ చేద్దామని ఆగకండి. పవర్ బటన్ ఆరిపోయేదాకా నొక్కి పట్టుకుని, చార్జర్ పీకేసి, తువ్వాలు మీద కీబోర్డు కిందికి వచ్చేలా గుడారం ఆకారంలో బోర్లించండి. తర్వాత తెరిపించాల్సిందే, ఆరింది కదా అని వాడేయకూడదు.

అపోహ: లెన్సులో ఫంగస్ వస్తే నాలుగు రోజులు ఎండలో పెడితే చాలు

మన దగ్గర జులై, ఆగస్టు నెలల్లో గాలిలో తేమ 70 శాతం దాటి ఉండటం మామూలే. లెన్సులో ఫంగస్ పెరగడానికి 60 శాతం పైన ఉంటే సరిపోతుంది. అందుకే బీరువాలో, తోలు సంచిలో, బ్యాగు లోపల నెలల తరబడి మూసిపెట్టిన లెన్సులకే ఇది ఎక్కువగా పడుతుంది. వాడుతున్న లెన్సుకి గాలీ వెలుతురూ తగులుతుంటాయి, దానికి తక్కువ.

మీ లెన్సుకి పట్టిందో లేదో మీరే చూసుకోవచ్చు. అపర్చర్ (లెన్సులో వెలుతురు దూరే రంధ్రం) పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చి కొంచెం ఏటవాలుగా కొట్టి ముందు నుంచి చూడండి. దుమ్ము అయితే విడివిడి చుక్కల్లా ఉంటుంది. ఫంగస్ అయితే ఒక అంచు నుంచి సన్నటి తెల్లని దారాలు కొమ్మలు కొమ్మలుగా మధ్యలోకి పాకి ఉంటాయి. అది వదిలే ఆమ్లం లెన్సు పూతను, ఆ తర్వాత గాజును తినేస్తుంది. ఆ గుంటలు పడ్డాక ఫంగస్‌ని తుడిచేసినా మచ్చ పోదు.

ఎండలో పెడితే ఫంగస్ కొంచెం మందగించవచ్చేమో గానీ పట్టిన మచ్చ పోదు, పైగా కొత్త సమస్యలు వస్తాయి. వేడికి లెన్సు లోపలి గ్రీజు పలుచబడి అపర్చర్ రేకుల మీదికి జారుతుంది, రేకులు అతుక్కుంటాయి. లెన్సు గుండా పడిన ఎండ ఒకచోట కేంద్రీకరిస్తే కింద ఉన్న గుడ్డ కాలుతుంది. ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ ఉన్న కెమెరాని కంటి భాగం సూర్యుడి వైపు ఉండేలా పెడితే లోపలి చిన్న తెర మాడిపోతుంది.

రాకుండా చూసుకోవడం ఎంత తేలికో చెబుతాను. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి, చిన్న తేమ మీటరు ఒకటి, రంగు మారే సిలికా జెల్ కొంచెం కొనండి. మీటరు 40, 50 మధ్య చూపిస్తే చాలు. మరీ 30 కిందికి దించనక్కర్లేదు, రబ్బరు భాగాలు ఎండిపోతాయి. జెల్ నారింజ రంగు నుంచి ఆకుపచ్చకి మారితే తేమతో నిండినట్టు. ఓవెన్‌లో సుమారు 120 డిగ్రీల దగ్గర గంటో రెండు గంటలో ఉంచితే మళ్లీ నారింజ రంగుకి వస్తుంది. వంట చేసే గిన్నెలో మాత్రం వేడిచేయొద్దు. నీలం నుంచి గులాబీకి మారే రకంలో కోబాల్ట్ ఉంటుంది, అది ఇంట్లో లేకపోవడమే మంచిది.

అపోహ: ఏసీ గదే కెమెరాకి క్షేమం

ఏసీ గదిలో తేమ తక్కువే, నిజమే. ఇబ్బంది గది దాటేటప్పుడు వస్తుంది. చల్లబడిన కెమెరాని ఒక్కసారిగా వానాకాలపు గాలిలోకి తెస్తే లెన్సు పైనే కాదు, లోపల కూడా ఆవిరి పడుతుంది. ఫంక్షన్ హాల్లోంచి బరాత్‌కి పరుగెత్తే ఫొటోగ్రాఫర్లందరికీ ఇది తెలుసు. బ్యాగులోంచి తీసే ముందు కెమెరాని జిప్ వేసిన బ్యాగుతో సహా అరగంట గది బయట ఉంచండి. ఆవిరి పట్టేసినా లెన్సు ఊడదీయొద్దు, అలాగే వదిలేస్తే పోతుంది.

అపోహ: కార్డు ఫార్మాట్ అయితే ఫొటోలు పోయినట్టే

దీని మీద ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా దగ్గరికి ఏడుస్తూ వచ్చేది ఈ సమస్యతోనే. సీమంతం ఫొటోలు, పాపాయి మొదటి పుట్టినరోజు, ఇప్పుడు లేని తాతయ్య చివరి వీడియో.

మామూలు ఫార్మాట్‌లో కెమెరా చెరిపేది ఫొటోలు ఎక్కడ ఉన్నాయో రాసుకున్న పట్టీని మాత్రమే. ఫొటోలు కార్డులోనే ఉంటాయి, వాటి మీద కొత్తవి రాసేదాకా. అందుకే పోయాయని తెలిసిన క్షణమే కార్డు బయటికి తీయాలి. ఎస్‌డీ కార్డుకి ఎడమ పక్కన చిన్న మీట ఉంటుంది, దాన్ని కిందికి జరిపి లాక్ చేయండి. ఆ తర్వాత కంప్యూటర్‌లో ఫొటోరెక్ అనే ప్రోగ్రాం వాడండి. అది పూర్తిగా ఉచితం, చూడటానికి నల్ల తెర మీద అక్షరాలే ఉన్నా పని బాగా చేస్తుంది. దొరికిన ఫొటోలు మళ్లీ అదే కార్డులోకి సేవ్ చేయకూడదు, ఇది మరవొద్దు. వేరే డ్రైవులోకి చేయాలి. రెండు ఫొటోలు మళ్లీ తీసి చూద్దాం, కార్డు పనిచేస్తోందో లేదో అని పరీక్షించినవాళ్లు సరిగ్గా తమకి కావాల్సిన ఫొటోల మీదే రాసేస్తారు. కెమెరా మెనూలో లో లెవెల్ ఫార్మాట్ అనేది (కార్డు మొత్తాన్ని చెరిపేది) ఎంచుకుని ఉంటే మాత్రం ఆశ తక్కువ.

ఫోన్ విషయం వేరు. ఇప్పటి ఫోన్లలో డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం లేకుండా చదవలేని రూపంలో, ఉంటుంది. డిలీటెడ్ ఫోల్డరు కూడా ఖాళీ అయిపోయాక తిరిగి తెస్తామనే యాప్‌లు చాలావరకు మీకు చూపించేది ఫోన్‌లో మిగిలిన చిన్న సైజు నకళ్లే, డబ్బులు కట్టాక తెలుస్తుంది. ముందు ఐఫోన్‌లో రీసెంట్లీ డిలీటెడ్ చూడండి, 30 రోజులు ఉంటాయి. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన ఫొటోలైతే ట్రాష్‌లో 60 రోజులు ఉంటాయి.

అపోహ: ఫోన్ బ్యాటరీ పూర్తిగా అయిపోయాకే చార్జింగ్ పెట్టాలి

ఇది పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటి నియమం. 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చిన, ఇప్పటి ఫోన్లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీలకి ఆ నియమం వర్తించదు. వాటికి నచ్చనివి మూడు: సున్నా దాకా పోవడం, నూరు శాతం దగ్గర గంటల తరబడి నిలిచిపోవడం, అన్నింటికన్నా ముఖ్యంగా వేడి. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసిన ఫోన్, పరుపు మీద పెట్టి చార్జ్ చేసే ల్యాప్‌టాప్, రెండింటికీ ఆయుష్షు తగ్గేది వేడి వల్లే. చార్జింగ్ 80 శాతం దగ్గర ఆపే ఆప్షన్ చాలా ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో ఉంది, ఆన్ చేసుకోండి. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ ఒక పక్కకి లేచినట్టు, క్లిక్ సరిగ్గా పడనట్టు అనిపిస్తే కింద బ్యాటరీ ఉబ్బుతోందని అనుమానించాలి. నొక్కి సరిచేయొద్దు, గుచ్చొద్దు. వాడకం ఆపి మార్పించండి.

అపోహ: రిఫ్రెష్ కొడుతూ ఉంటే కంప్యూటర్ వేగం పెరుగుతుంది

పెరగదు. డెస్క్‌టాప్ మీది ఐకాన్లను మళ్లీ గీస్తుంది, అంతే. నెమ్మదించిన పాత కంప్యూటర్‌కి ఇప్పటికీ హార్డ్‌డిస్కే ఉంటే, దాన్ని తీసి ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, చిప్‌లతో పనిచేసే డ్రైవు) వేయించడం అన్నింటికన్నా విలువైన ఖర్చు. వేశాక దాన్ని డీఫ్రాగ్ చేసే (ముక్కలైన ఫైళ్లను ఒకచోటికి సర్దే) యాప్‌లు పెట్టొద్దు, విండోస్ తనకి కావాల్సింది తనే చేసుకుంటుంది.

అపోహ: 1 టీబీ డిస్క్‌లో 931 జీబీయే చూపిస్తే షాపువాడు మోసం చేసినట్టు

తయారీదారు వెయ్యి చొప్పున లెక్కిస్తాడు, విండోస్ 1024 చొప్పున. తయారీదారు లెక్కలో 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు; దాన్ని మూడుసార్లు 1024తో భాగించి చూడండి, 931 వస్తుంది. డిస్క్ సరైనదే.

అపోహ: ల్యాప్‌టాప్ ముట్టుకుంటే జిల్లుమంటోంది అంటే మదర్‌బోర్డు పోయింది

రేకు బాడీ ఉన్న ల్యాప్‌టాప్‌లలో ఇది ఎక్కువ. అడాప్టర్ లోపల చిన్న కెపాసిటర్ల గుండా అతి కొద్ది కరెంటు బాడీకి చేరుతుంది. ఎర్తింగ్ ఉంటే అది భూమిలోకి పోతుంది, లేకపోతే మీ వేళ్లకి తెలుస్తుంది. రెండు పిన్నుల అడాప్టర్లకి ఇది మామూలే. మూడు పిన్నుల ప్లగ్‌ని కన్వర్టర్‌తో రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టినా ఇదే. మూడో పిన్ను సరిగ్గా పెట్టినా జిల్లుమంటుంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఇంటి ఎర్తింగ్ చూపించండి. పాత ఇళ్లలో రాళ్లుప్పు, బొగ్గు వేసి చేసిన ఎర్తింగ్ గుంత ఎండాకాలంలో ఎండిపోయి పనిచేయడం మానేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో అప్పుడప్పుడు ఒక బకెట్ నీళ్లు పోస్తే చాలు. జిల్లుమనడం దాటి గట్టిగా షాక్ కొడితే ఆ సాకెట్ వాడొద్దు.

అపోహ: మెగాపిక్సెల్స్ ఎక్కువైతే ఫొటో బాగా వస్తుంది

12 మెగాపిక్సెల్ ఫొటోని 300 డీపీఐతో (అంగుళానికి 300 చుక్కల చొప్పున) 13 అంగుళాలు బై 10 అంగుళాల సైజులో ప్రింట్ వేయించవచ్చు. గోడకి పెట్టే ఫ్రేముకి అంతకన్నా ఎవరికి కావాలి? ఫొటో పాడయ్యేది వెలుతురు దగ్గర, ఇంకా పంపేటప్పుడు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గిపోతుంది. ప్రింటుకి ఇవ్వాల్సినవి డాక్యుమెంటుగా పంపండి. ఇక నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ మీద దూరంగా ఉన్న ఖైరతాబాద్ గణేశుడికి ఫోన్ ఫ్లాష్ కొట్టేవాళ్లకి ఒక మాట: దూరం రెట్టింపైతే ఫ్లాష్ వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుంది. మీ ముందున్నవాళ్ల తలలే వెలుగుతాయి. ఫ్లాష్ ఆపి, ఫోన్‌ని రెయిలింగ్‌కి ఆనించి నైట్ మోడ్‌లో తీయండి.

అపోహ: పెళ్లి ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి, ఇక భయం లేదు

పెన్‌డ్రైవ్‌లో డేటా విద్యుదావేశం రూపంలో నిలుస్తుంది. ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా బీరువాలో ఉంటే అది మెల్లగా కారిపోతుంది. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ చెప్పిన 3-2-1 పద్ధతి దీనికి మంచి మందు: మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి ఇంటి బయట. ఇంట్లో కంప్యూటర్, ఒక హార్డ్‌డిస్క్, ఊళ్లో అక్క దగ్గర ఇంకో డిస్క్ లేదా క్లౌడ్ అనుకోండి. దసరాకో సంక్రాంతికో ఊరెళ్లినప్పుడు ఆ డిస్క్ ఒకసారి ప్లగ్ చేసి, పది ఫొటోలు, ఒక వీడియో తెరిచి చూసి, ఏడాదిలో తీసిన కొత్తవి అందులో వేసి రండి.