దుష్యంతుడు మరచిపోలేదు: శకుంతల కథపై అపోహలు - వాస్తవాలు

విజయనగరం చుట్టుపక్కల ఊళ్లలో హరికథలు చెబుతుంటాను. 1919లో ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాలుగా సంగీత కళాశాల వెలసిన ఊరు మాది. తాళం తప్పితే శ్రోతలే పట్టుకుంటారు. అయినా భారతం ప్రకారం శకుంతల కథ చెప్పిన ప్రతిసారీ, మంగళహారతి కాగానే ఎవరో ఒకరు వచ్చి “ఉంగరం సంగతి వదిలేశారేమిటమ్మా?” అని అడుగుతారు.

అపోహ: శాపం వల్ల రాజు ఆమెను మరచిపోయాడు.

వాస్తవం: దుర్వాసుడి శాపం, ఉంగరం, దాన్ని మింగిన చేప కాళిదాసు నాటకంలోవి. వ్యాసుడి భారతంలో లేవు, 11వ శతాబ్దపు నన్నయ తెలుగులోనూ లేవు. అక్కడ దుష్యంతుడికి అంతా గుర్తుంది. అడవిలో కాసేపటి పరిచయం, గాంధర్వ వివాహం, సాక్షులు లేరు. లోకం ఏమంటుందోనని ఎరిగి ఉండి ఎరగనన్నాడు. ఆ బిడ్డ అతడి కొడుకేనని ఆకాశవాణి పలికాక ఆ సంగతి తానే సభలో ఒప్పుకున్నాడు.

అపోహ: శకుంతల లోకం తెలియని పిల్ల, తీపి మాటలకు లొంగిపోయింది.

వాస్తవం: ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. రాజు పెళ్లి మాట ఎత్తితే, పెంచిన తండ్రి కణ్వుడు వచ్చేదాకా ఆగమంది. అతడు ఆగలేదు. అప్పుడు తనకు పుట్టే కొడుకునే యువరాజును చేయాలని అడిగి, మాట తీసుకున్నాకే ఒప్పుకుంది. ఏళ్లు గడిచినా పిలుపు రాకపోతే కొడుకును వెంటబెట్టుకుని సభకు వెళ్లింది. కాదన్న రాజుతో నిలబడి వాదించింది. “నుతజలపూరితంబులగు” పద్యం అక్కడిదే: నూరు చేదబావుల కన్నా ఒక దిగుడుబావి, నూరు బావుల కన్నా ఒక యజ్ఞం, నూరు యజ్ఞాల కన్నా ఒక కొడుకు, నూరుగురు కొడుకుల కన్నా ఒక సత్యవాక్యం మేలు. బడిలో దీన్ని బట్టీ పట్టిన చాలామందికి ఎవరు ఎవరితో అన్నారో గుర్తుండదు. దీన్ని ఏడుపు గొంతుతో పాడవద్దని నేర్చుకునే పిల్లలకు గట్టిగా చెబుతాను.

అపోహ: ఆమె ఊరూ పేరూ లేని మనిషి.

వాస్తవం: విశ్వామిత్రుడికీ మేనకకూ పుట్టిన బిడ్డ. ఆ విశ్వామిత్రుడు పుట్టుకతో రాజు.

అపోహ: రెండు కథలూ కలిపి చెప్పినా నష్టం లేదు.

వాస్తవం: శాపం ఉంటే రాజు అబద్ధమాడినట్టు కాదు. అప్పుడు సత్యవాక్యం పద్యానికి చోటే ఉండదు. కాళిదాసు కథ కావాలంటే సంతోషంగా చెబుతాను, ఉంగరంతో, చేపతో సహా. అయితే అది ఇంకో రాత్రి.