లో సోడియం ఉప్పు, టెంకాయ నీళ్లు, కిడ్నీ పేషెంట్లు: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో డయాలసిస్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మొన్న సోమవారం మళ్లీ అదే జరిగింది: లో సోడియం (సోడియం తగ్గించిన) ఉప్పు వాడి ఒక కిడ్నీ పేషెంట్ ప్రాణం మీదికి తెచ్చుకున్నారు. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: లో సోడియం ఉప్పు కిడ్నీ పేషెంట్లకు మంచిది.

వాస్తవం: ప్రాణం మీదికి తెస్తుంది. ఆ ప్యాకెట్లో సోడియం క్లోరైడ్ కొంత తగ్గించి ఆ చోట పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కిడ్నీలు బాగున్న బీపీ మనిషికి అది మేలే. 2025లో డబ్ల్యూహెచ్ఓ కూడా పెద్దవాళ్లు వాడొచ్చంది, కానీ కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు ఆ సలహా వర్తించదని కూడా అందులోనే ఉంది. వాట్సాప్‌లో తిరిగేది మాత్రం మొదటి సగమే.

పొటాషియం విషమేం కాదు, అది లేకుంటే గుండే కొట్టుకోదు. ఒంట్లో ఉన్న పొటాషియం దాదాపు 98 శాతం కణాల లోపలే ఉంటుంది, రక్తంలో లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీ ఈక్వివలెంట్లే (రక్తపరీక్ష రిపోర్టులో పొటాషియాన్ని కొలిచే లెక్క ఇది). కణం పొరలో ఉండే పంపు మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాక్కుంటూ ఈ తేడాను నిలబెడుతుంది. గుండెలో కరెంటు నడిచేది ఆ తేడా మీదే కాబట్టి, రక్తంలో రెండు పాయింట్లు పెరిగినా లయ తప్పొచ్చు. ఎక్కువైన పొటాషియాన్ని బయటికి పంపేది ముఖ్యంగా కిడ్నీలు. అవి చేయకపోతే మళ్లీ డయాలసిస్ దాకా అది ఒంట్లోనే ఉంటుంది.

సోమవారం వచ్చిన పెద్దాయన "కాళ్లు బరువుగా ఉండాయి నాయనా" అన్నారు, అంతే. చూస్తే పొటాషియం 7.1. ఈసీజీలో టీ వేవ్‌లు (ఆ గీతలో ఒక అల పేరు) నిటారుగా లేచి ఉన్నాయి, పొటాషియం పెరిగినదానికి అది గుర్తు. డాక్టర్ వెంటనే కాల్షియం గ్లూకోనేట్ ఎక్కించారు (అది పొటాషియాన్ని తగ్గించదు, గుండెను కాసేపు కాపాడుతుంది), తర్వాత డయాలసిస్ మీద పెట్టాం. ఆ ఉప్పు తెచ్చింది కొడుకే, నాయన బీపీ తగ్గాలని. బయట బెంచీ మీద కూర్చుని ఏడుస్తుంటే, "నీ తప్పు కాదు, నీకెవరూ చెప్పలేదు" అన్నాను. నిజంగానే ఎవరూ చెప్పలేదు. చాలాసార్లు పొటాషియం పెరిగినట్టు మనిషికి తెలియనే తెలియదు, అదే నన్ను భయపెట్టేది.

ప్యాకెట్ వెనక పొటాషియం క్లోరైడ్ అనో, 508 (దాని కోడ్ నంబరు) అనో ఉంటే కిడ్నీ పేషెంట్ ఉన్న ఇంట్లోకి తేవద్దు. బీపీకి వాడే టెల్మిసార్టాన్, స్పైరోనోలాక్టోన్ లాంటి మాత్రలు కూడా పొటాషియాన్ని పెంచగలవు. అలాగని సొంతంగా మానేయకండి, డాక్టర్ని అడగండి.

టెంకాయ నీళ్ల సంగతీ ఇంతే. ఎండలో అలిపిరి మెట్లెక్కి వచ్చిన ఆరోగ్యవంతుడికి బాగుంటాయి. డయాలసిస్ మనిషికి ఒక్క కాయలోనే బోలెడు పొటాషియం. "చలవ చేస్తుంది" అని పక్కింటావిడ ఇచ్చినా వద్దనండి.

అపోహ: సైంధవ లవణంలో సోడియం ఉండదు.

వాస్తవం: అదీ సోడియం క్లోరైడే. పైగా విడిగా కలపకపోతే అయోడిన్ దాదాపు ఉండదు.

అపోహ: బీపీ ఉంటే ఉప్పు పూర్తిగా మానేయాలి.

వాస్తవం: రోజుకు 5 గ్రాముల లోపు చాలు. నీళ్ల మాత్ర (మూత్రం ఎక్కువ పోయేలా చేసేది) వేసుకునే ముసలివాళ్లకు సోడియం మరీ పడిపోతే తికమకగా మాట్లాడతారు, ఫిట్స్ కూడా రావొచ్చు. దాన్ని వయసు చాదస్తం అనుకుని ఇంట్లోనే ఉంచకండి, ఆ రోజే రక్తపరీక్ష చేయించండి.