కొత్త హంగుల బిస్ట్రోలో వీకెండ్ లంచ్: అపోహలు - వాస్తవాలు

బిస్ట్రోకి, అంటే చిన్నపాటి రెస్టారెంట్‌కి, మరమ్మతులు చేసి మళ్లీ తెరిచారనగానే అందరూ గోడల రంగు, లైట్ల గురించే అడుగుతారు. వంటగదిలోనూ హాల్లోనూ పనిచేసే నేను మాత్రం ముందు ఒక్కటే చూస్తాను: అక్కడ రెండు గంటలు హాయిగా కూర్చోగలమా, లేదా?

అపోహ: హాలు గోలగా ఉంటేనే కళగా ఉన్నట్టు.

వాస్తవం: చాలాసార్లు అది డిజైన్‌లో లోపం. కర్టెన్లు, కార్పెట్లు, మెత్తటి సోఫాలు తీసేసి గాజు, టైల్స్, నున్నటి సిమెంట్ గోడలు పెడితే శబ్దాన్ని పీల్చుకునేది ఏదీ మిగలదు. పైగా చుట్టూ గోల పెరిగేకొద్దీ మనకు తెలియకుండానే గొంతు పెంచుతాం. ఫ్రెంచ్ వైద్యుడు ఎతియెన్ లొంబార్ 1911లోనే ఈ సంగతి చెప్పాడు. ఒక టేబుల్ వాళ్లు గట్టిగా మాట్లాడితే పక్క టేబుల్ వాళ్లు ఇంకాస్త గట్టిగా మాట్లాడాల్సి వస్తుంది. మామూలు సంభాషణ సుమారు 60 డెసిబెల్స్. హాలు 80 దాటితే ఎదుటివాళ్లకు వినపడాలంటే అరవాల్సిందే. తీరిగ్గా తిందామని వచ్చినవాళ్లు తలనొప్పితో లేచిపోతారు. సీలింగుకు శబ్దం పీల్చే ప్యానెళ్లు, కుర్చీ కాళ్లకు ఫెల్ట్ ముక్కలు, కిటికీలకు మందపాటి కర్టెన్లు ఉంటే చాలా తేడా వస్తుంది. లైట్ల కన్నా ముందు వీటి గురించి ఆలోచించాలని నేను గట్టిగా నమ్ముతాను.

అపోహ: కొత్త వంటగది కాబట్టి వంటకాలు త్వరగా వస్తాయి.

వాస్తవం: మొదట్లో ఆలస్యమే అవుతుంది. చేతులు ఇంకా పాత చోటే గరిటె కోసం వెతుకుతుంటాయి, కొత్త ఓవెన్‌లో ఏ మూల ఎక్కువ వేడెక్కుతుందో తెలియదు. అందుకే మంచి చోట్ల కొన్నాళ్లు మెనూ తగ్గిస్తారు.

అపోహ: అడగగానే వచ్చిందంటే అది నిల్వ సరుకే.

వాస్తవం: నెమ్మదిగా ఉడికే స్ట్యూలు ముందురోజు చేస్తేనే రుచి బాగా పడుతుంది. చూడాల్సింది ఎంత త్వరగా చల్లార్చారన్నది. అమెరికాలో ఆహారం, మందుల భద్రత చూసే ఎఫ్‌డీఏ సంస్థ ఫుడ్ కోడ్ ప్రకారం 57 డిగ్రీల సెల్సియస్ నుంచి రెండు గంటల్లో 21కి, మొత్తం ఆరు గంటల్లోపు 5కి దించాలి. పెద్ద గిన్నెలో అలాగే వదిలేస్తే ఇది సాధ్యం కాదు. వెడల్పాటి ట్రేల్లో పలచగా పరిచి చల్లారుస్తాం.

అపోహ: ఎక్కువసేపు కూర్చుంటే సిబ్బందికి చిరాకు.

వాస్తవం: మాకు టెన్షన్ అందరూ ఒకేసారి వచ్చి, ఒకేసారి ఆర్డర్ ఇచ్చినప్పుడే. ఎక్కువసేపు కూర్చుంటామని బుక్ చేసేటప్పుడే చెప్పండి. ఆ టేబుల్‌కి వెంటనే ఇంకో బుకింగ్ పెట్టకుండా చూసుకుంటాం.