పేడలో యాసిడ్ పోస్తే ఘాటు ఎందుకు తగ్గుతుంది?

డైరీ ఫారాల్లో పేడ, మూత్రం కలిసిన స్లర్రీలో అమ్మోనియా ఘాటు తగ్గడానికి సల్ఫ్యూరిక్ యాసిడ్ పోస్తారట, నిజమేనా, నేల పాడైపోదా అని ఒకరు అడిగారు. నిజమే, డెన్మార్క్‌లో చాలాకాలంగా చేస్తున్నారు. అందులో మిగిలే సల్ఫేట్ పైరుకి సల్ఫర్ ఎరువుగా పనికొస్తుంది, పులుపెక్కిన నేలకి కాస్త సున్నం వేసుకోవాల్సి రావచ్చు, అంతే.

ఆవు తిన్న నైట్రోజన్‌లో పాలలోకి పోయేది సుమారు పావు వంతే, మిగతాది పేడలోకీ మూత్రంలోకీ పోతుంది, మూత్రంలో ఎక్కువగా యూరియా రూపంలో. యూరియా ఎగరదు. పేడలో బాక్టీరియా దగ్గరుండే యూరియేజ్ అనే ఎంజైమ్ (1926లో అమెరికన్ శాస్త్రవేత్త జేమ్స్ సమ్నర్ స్ఫటికాలుగా తీసింది దీన్నే, కాకపోతే చిక్కుడు జాతి గింజల్లోంచి) తగిలితేనే అది విరిగి అమ్మోనియా అవుతుంది. అందుకే కొన్ని షెడ్లలో మూత్రం పేడతో కలవకుండా వెంటనే జారిపోయేలా నేల వాలుగా కడతారు.

ఇక్కణ్ణుంచి అసలు మజా. అమ్మోనియా ప్రోటాన్ (హైడ్రోజన్ అయాన్) అనే మూట నెత్తిన పెట్టుకుంటే అమ్మోనియం, మూట ఉన్నంతసేపు నీళ్ళు వదిలి కదల్లేదు, దించిందంటే గాల్లోకి పరార్. పులుపు పెరిగి పిహెచ్ తగ్గేకొద్దీ మూటలు ఎక్కువ దొరుకుతాయి. 25 డిగ్రీల దగ్గర పిహెచ్ 9.25 అయితే సగం మూటతో సగం ఖాళీగా ఉంటాయి, 8.25కి ఖాళీవి నూటికి 9, 7.25కి నూటికి 1, అదే 5.5కి దించితే పదివేలకి 2. స్కూల్లో పిహెచ్ అంటే లిట్మస్ రంగులతో సరిపెట్టేస్తారు గానీ ఒక్క అంకె తగ్గితే పది రెట్లు తేడా అనేది ఇలా చెప్తే ఎవరు మర్చిపోతారు?

సరే, ఒక చిక్కు. ఎగిరిన ప్రతి అమ్మోనియా తన మూట ఇక్కడే పడేసి పోతుంది కదా, అలా మూటలు పోగై స్లర్రీ దానంతటదే పుల్లబడి వ్యవహారం ఆగిపోవాలి. ఆగదు! యూరియా విరిగినప్పుడు బైకార్బొనేట్ కూడా పుడుతుంది, అది ఆ మూటల్ని అందుకుని కార్బన్ డయాక్సైడ్, నీళ్ళుగా మారిపోతుంది, ఆ గ్యాస్ కూడా పైకి పోతుంది. పైగా కార్బన్ డయాక్సైడ్ అమ్మోనియా కంటే తొందరగా తప్పించుకుంటుంది కాబట్టి పైపొర పిహెచ్ లోపలికంటే ఎక్కువుంటుంది, అంటే సరిగ్గా గాలి తగిలే చోటే మూటల కరువు. యాసిడ్ పోయగానే స్లర్రీ బుసబుసా పొంగేది ఈ బైకార్బొనేట్ ఒక్కసారిగా ఖాళీ అవడం వల్లే.

ఘాటు ఎక్కువుంటే ఎరువు బలమైనదనే నమ్మకం ఒకటుంది, ఆ ఘాటు బలం పారిపోతున్న వాసన! పోయింది ఊరుకుంటుందా, గాల్లోని ఆమ్లాలతో కలిసి పిఎం 2.5 అనే, ఊపిరితిత్తుల్లోకి దూరేంత సన్నటి ధూళి అవుతుంది.

యాసిడ్ లేకుండా కూడా దారులున్నాయి, దాణాలో అనవసర ప్రోటీన్ తగ్గించడం, ట్యాంకుకి మూత, చల్లటి పూట చల్లడం, పైనుంచి చిమ్మకుండా గొట్టాలతో నేలమీదే వదలడం, ఇంకా మంచిది నేలలో చాలు చీల్చి లోపలికి పంపడం.

అయితే యాసిడ్ సొంతంగా పోసి చూద్దామనుకోకండి. స్లర్రీలో సల్ఫైడ్ కూడా ఉంటుంది, దాని లెక్క పూర్తిగా తలకిందులు, మూట ఎత్తుకున్నాకే ఎగురుతుంది, ఎగిరేది మనిషిని నిమిషాల్లో పడగొట్టగల హైడ్రోజన్ సల్ఫైడ్.