నలభై దాటాక స్టార్టప్పా? అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో స్టార్టప్‌ల పిచ్ డెక్‌లు, అంటే ఇన్వెస్టర్లకి చూపించే స్లైడ్లు, సరిదిద్దడం నా పని. నలభై దాటినవాళ్ళు నన్ను మొదట అడిగేది మార్కెట్ గురించి కాదు, "తలకి రంగేసుకుని వెళ్ళమంటారా?" అని. నవ్వుతూనే అంటారు గానీ, సగం నిజంగానే అడుగుతారు.

అపోహ: పెద్ద కంపెనీలు పెట్టేది ఇరవైల్లో ఉన్న కుర్రాళ్ళే.

వాస్తవం: 2007-2014 మధ్య అమెరికాలో కంపెనీలు పెట్టిన 27 లక్షల మంది లెక్కలను ఎంఐటీకి చెందిన పియర్ అజూలే బృందం సెన్సస్ బ్యూరో రికార్డుల్లోంచి తీసింది. వెయ్యింటిలో ఒకటిగా దూసుకెళ్ళిన కంపెనీల్లో, పెట్టేనాటికి ఫౌండర్ల సగటు వయసు 45. ముప్పై ఏళ్ళ ఫౌండర్ కంటే యాభై ఏళ్ళ ఫౌండర్ ఆ స్థాయికి చేరే అవకాశం 1.8 రెట్లు. అదే రంగంలో ముందు పనిచేసి ఉంటే అవకాశం ఇంకా పెరుగుతుంది.

ఎందుకో నా దగ్గరే చూశాను. ఆస్పత్రి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే కుర్రాళ్ళకి ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఎందుకు వెనక్కొస్తుందో అర్థం కావడానికే ఏడాది పట్టింది. ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లో పదేళ్ళు కూర్చున్న ఒకావిడ అదే సంగతి ఒక్క టీ తాగేలోపు చెప్పేసింది.

అపోహ: కుర్రాళ్ళకే డబ్బు పెట్టాలన్నది ఇన్వెస్టర్లు లెక్కలేసి తేల్చిన విషయం.

వాస్తవం: లెక్కకంటే నమ్మకమే ఎక్కువ. 2007లో ఫేస్‌బుక్ జుకర్‌బర్గ్ "కుర్రాళ్ళే తెలివైనవాళ్ళు" అన్నప్పుడు అతనికి 22. ఇన్వెస్టర్ల మనసులో వయసు గీత 32 దగ్గర ఉంటుందని, కొత్త స్టార్టప్‌లకి డబ్బు పెట్టే వై కాంబినేటర్ సహ వ్యవస్థాపకుడు పాల్ గ్రాహమే 2013లో ఒప్పుకున్నాడు. నా కళ్ళముందే ఒక ఇన్వెస్టర్ 48 ఏళ్ళాయన్ని "రోజుకి ఎన్ని గంటలు పనిచేయగలరు సర్?" అని అడిగాడు. ఆయన పదిహేనేళ్ళు అమెరికా టైమింగ్స్‌లో నైట్ షిఫ్ట్ చేసిన మనిషి!

అపోహ: వయసుతో అసలు తేడాయే లేదు.

వాస్తవం: ఉంది. ఈఎంఐ, పిల్లల ఫీజులు, అమ్మానాన్నల మందులు. 2006లో రెడ్‌బస్ మొదలుపెట్టినప్పుడు ఫణీంద్ర సామ ఇరవైల్లోనే ఉన్నారు, ఆ వయసులో జీతం లేకుండా నెట్టుకురావడం కాస్త తేలిక. 49 ఏళ్ళకి, మేకప్ సామాన్లు అమ్మే నైకా పెట్టిన ఫల్గుణి నాయర్‌ని చూపించి ధైర్యం చెప్పేవాళ్ళు, ఆమె కోటక్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో మేనేజింగ్ డైరెక్టర్ స్థాయి నుంచి వచ్చారన్నది మర్చిపోతారు. అందుకే ఇంటి ఖర్చులకి ఏడాదిన్నర డబ్బు పక్కన పెట్టాకే రాజీనామా చేయమంటాను.

డెక్‌లో మాత్రం "20 ఏళ్ళ అనుభవం" అన్న స్లైడ్ తీసేయిస్తాను. ఆ ఇన్సూరెన్స్ డెస్క్ ఆవిడ మొదటి స్లైడ్‌లో ఇప్పుడు ఒకటే ఉంది: వెనక్కొచ్చిన క్లెయిమ్ ఫారం, దాని మీద ఎర్ర సున్నా చుట్టిన గడి.